షుగర్ మీటరులో 148, ల్యాబులో 131.. ఏది నిజం? స్ట్రిప్‌పై నల్ల గీత చెప్పే లెక్క ఇదీ

మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో, బస్తీ దవాఖానాలోనో ఏఎన్‌ఎం మీ వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు. మీటరులో 148 వచ్చింది. 140 దాటింది కాబట్టి పీహెచ్‌సీకి వెళ్లమని చీటీ రాసిచ్చారు. మీరు అటునుంచి అటే ప్రైవేటు ల్యాబుకు వెళ్లి చేయి చాపారు. అక్కడ 131 వచ్చింది.

ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. ‘గవర్నమెంటు మీటరు కదా, అలాగే ఉంటుంది’ అని ఒకరు. ‘ల్యాబు వాళ్లే రక్తం మార్చేసి ఉంటారు’ అని మరొకరు. నిజానికి ఈ రెండు అంకెల్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. ల్యాబులో 131 వచ్చిన రక్తానికి మీటరు 148 చూపించడం, మీటర్ల తయారీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం లోపలే ఉంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే మీటరును వదిలేసి, వాడి పారేసే ఆ చిన్న స్ట్రిప్‌ను చూడాలి. కొలిచే పని అక్కడే జరుగుతుంది.

నల్ల గీత అంటే బొగ్గు సిరా

స్ట్రిప్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. చాలా కంపెనీల స్ట్రిప్పుల మీద సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. అవి కార్బన్ ఎలక్ట్రోడ్లు. గ్రాఫైట్ పొడి, కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి పొడి, వాటిని పట్టి ఉంచే జిగురు, కొంత సాల్వెంట్ కలిపి సిరా చేస్తారు. దాన్ని పాలిస్టర్ షీటు మీద ముద్రించి, ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరిస్తారు. ముద్రించే పద్ధతి మనకు తెలిసిందే, స్క్రీన్ ప్రింటింగ్. పెళ్లి శుభలేఖలు, టీషర్టుల మీద బొమ్మలు వేసే పద్ధతే. సన్నటి జాలీ మీద సిరా పోసి రబ్బరు పట్టీతో లాగితే, జాలీ తెరిచి ఉన్నచోట కింద గీత పడుతుంది. శుభలేఖలో గీత కాస్త మందమైనా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం గీత మారితే షుగర్ అంకే మారిపోతుంది.

(మీ స్ట్రిప్ మీద గీతలు మెరుస్తూ కనిపిస్తే కంగారు పడకండి. కొన్ని కంపెనీలు కార్బన్ బదులు బంగారం, పల్లాడియం పూతలు వాడతాయి. పనిచేసే తీరు ఒకటే.)

ఈ గీతల్లో ఒకదాని మీద ఒక ఎంజైమును ఆరబెట్టి ఉంచుతారు. ఎక్కువగా వాడేది గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఉల్లిపాయల పొట్టు కింద నల్ల బూజు చూసే ఉంటారు. ఆ బూజు జాతి నుంచే ఈ ఎంజైమును తీస్తారు. రక్తంలో ఎన్ని పదార్థాలున్నా ఇది గ్లూకోజునే పట్టుకుంటుంది. పట్టుకున్న ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగుతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఎంజైము పెద్ద అణువు. ఎలక్ట్రాన్లు వచ్చేది దాని లోపలి మూల నుంచి. అక్కడి నుంచి అవి నేరుగా కార్బన్ గీత మీదికి దూకలేవు. అందుకే మీడియేటర్ అనే మరో రసాయనాన్ని కూడా కలిపి ఆరబెడతారు. ఊరి లోపలి వీధిలోంచి మనిషిని ఎక్కించుకుని హైవే మీద దింపే ఆటో లాంటిది ఇది. ఎంజైము దగ్గర ఎలక్ట్రాన్‌ను తీసుకుని గీత దగ్గర దించి, మళ్లీ వెనక్కి వెళ్తుంది.

ఆ 5 సెకన్లలో ఏం జరుగుతుంది?

రక్తపు చుక్కను అంచుకు తాకించగానే స్ట్రిప్ దానంతట అదే లోపలికి పీల్చుకుంటుంది. కావలసింది అర మైక్రోలీటరు, మహా అయితే ఒక మైక్రోలీటరు. అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతో, అందులో సగమో. రక్తం నిండిందని మీటరుకు ఎలా తెలుస్తుంది? గీతల మధ్య తడి చేరగానే సర్క్యూట్ కలుస్తుంది. అప్పుడే తెర మీద 5, 4, 3 అని లెక్క మొదలవుతుంది.

ఆ లోపు ఎంజైము తన పని చేస్తుంది. తర్వాత మీటరు గీతల మధ్య చిన్న వోల్టేజీ పెడుతుంది. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే ఒకటిన్నర వోల్టుల కన్నా అది చాలా తక్కువ. మీడియేటర్ తెచ్చిన ఎలక్ట్రాన్లు కార్బన్ గీతలోకి దిగుతాయి, కరెంటు పారుతుంది. ఫోను ఛార్జరులో పారే కరెంటు ఒకటి రెండు ఆంపియర్లు. ఇక్కడ ఆంపియరులో పది లక్షల వంతుల్లో లెక్క. గ్లూకోజు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ, తక్కువుంటే తక్కువ. కంపెనీ ముందే లోపల పెట్టిన పట్టిక ప్రకారం మీటరు ఆ కరెంటును అంకెగా మార్చి చూపిస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మీటరు షుగరును చూడదు, కరెంటును చూస్తుంది. ఆ కరెంటును పెంచేది, తగ్గించేది ఏదైనా సరే, తెర మీద షుగర్ లాగే కనిపిస్తుంది.

బొగ్గే ఎందుకు?

కరెంటుతో రసాయనాలను కొలిచే విద్యకు దారి వేసింది చెక్ శాస్త్రవేత్త యారొస్లావ్ హెయ్‌రొవ్‌స్కీ. 1922లో ఆయన వాడింది బొట్లుబొట్లుగా రాలే పాదరసం. 1959లో నోబెల్ కూడా వచ్చింది. కానీ పాదరసం విషం. పైగా పాజిటివ్ వోల్టేజీ పెడితే పాదరసమే కరిగిపోవడం మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్లు లాగి కొలవాల్సిన పదార్థాలకు అది పనికిరాదు.

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ పాదరసపు బొట్ల లాగే కార్బన్ బొట్లు రాల్చాలని చూశారు. అది కుదరలేదు. గ్రాఫైట్ పొడిని ద్రవంతో కలిపి చేసిన ముద్ద మాత్రం చక్కగా పనిచేసింది. 1958లో ఆ ‘కార్బన్ పేస్ట్’ ఎలక్ట్రోడ్ గురించి ఆయన ప్రకటించారు. కార్బన్‌లో కరెంటు బాగా పారుతుంది. అది తనంతట తాను తొందరగా చర్యలో పాల్గొనదు. దాని మీద నీరు కూడా తేలిగ్గా విడిపోదు కాబట్టి అనవసరపు కరెంటు తక్కువ. అన్నిటికీ మించి చవక. నేటికీ కొన్ని పరిశోధనశాలల్లో పెన్సిల్ ములుకునే ఎలక్ట్రోడ్‌గా వాడి ప్రయోగాలు చేస్తున్నారు.

ఎంజైమును ఎలక్ట్రోడ్‌తో జత చేసే ఆలోచన 1962లో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ చెప్పారు. అది ఇంటికి చేరడానికి పాతికేళ్లు పట్టింది. మధ్యలో 1970 ప్రాంతంలో వచ్చిన మీటరు రంగును చూసి షుగర్ చెప్పేది. బరువు సుమారు కిలో, ధర దాదాపు 500 డాలర్లు. స్ట్రిప్ మీద రక్తం వేసి, నిమిషం ఆగి, కడిగి, అప్పుడు లోపల పెట్టాలి. 1987లో పెన్ను సైజులో ఎగ్జాక్‌టెక్ మీటరు వచ్చాక ఆ బాధ పోయింది. అది నడిచింది ముద్రించిన కార్బన్ స్ట్రిప్పులతోనే. ఆశా కార్యకర్త సంచిలో నేడు మీటరు ఉందంటే, ఆ సిరా వల్లే.

ఇదే కార్బన్ గీత షుగరుకే పరిమితం కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. సీసాన్ని కార్బన్ ఎలక్ట్రోడ్‌తోనూ పట్టవచ్చు. గీత మీద బిస్మత్ లాంటి లోహపు పలుచని పూత వేసి, నెగెటివ్ వోల్టేజీతో నీటిలోని సీసాన్ని కొన్ని నిమిషాల పాటు దాని మీద పేరనిస్తారు. తర్వాత వోల్టేజీని మెల్లగా పెంచుతారు. ఒక స్థాయి దగ్గర సీసం కరిగి, కరెంటు ఒక్కసారి ఎగుస్తుంది. ఆ ఎగిసిన ఎత్తే సీసం లెక్క. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండకూడదు. అంత కొద్ది మొత్తాన్ని కూడా ఈ పద్ధతి గుర్తించగలదు. మళ్లీ మన స్ట్రిప్ దగ్గరకు వద్దాం.

15 శాతం అంటే మాటలు కాదు

మీటర్లకు ఉన్న ప్రమాణం పేరు ఐఎస్ఓ 15197. 2013 నాటి నిబంధన ప్రకారం, ల్యాబు విలువ 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 100 కన్నా తక్కువ ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ.

లెక్క వేయండి. ల్యాబులో సరిగ్గా 140 ఉన్న మనిషికి మీటరు 119 చూపించినా పాసే, 161 చూపించినా పాసే. 30 ఏళ్లు దాటినవారికి చేసే ఎన్‌సీడీ స్క్రీనింగులో 140 గీత దగ్గరే పీహెచ్‌సీకి పంపాలా వద్దా అన్నది తేలుతుంది. అంటే గీతకు దగ్గరగా ఉన్నవారిని మీటరు ఇటు వైపుకైనా వేయొచ్చు, అటు వైపుకైనా వేయొచ్చు. 148 వచ్చిందని షుగర్ జబ్బు ఖాయం కాదు. 132 వచ్చిందని లేనట్టూ కాదు.

తక్కువ వైపు ఇది ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ వేసుకునేవారికి 70 దిగితే తీపి తినాలని చెబుతారు. నిజంగా 70 ఉన్నప్పుడు మీటరు 85 చూపించినా అది ప్రమాణం లోపలే. కాబట్టి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే మీటరు 80 అందని ఊరుకోకండి. ముందు తీపి తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి.

ల్యాబు వైపు కూడా కొంత తేడా ఉంటుంది. తిన్న తర్వాత వేలికొన రక్తంలో గ్లూకోజు, చేతి సిరలో ఉన్నదానికన్నా ఎక్కువగా ఉంటుంది. పరగడుపున ఈ తేడా దాదాపు ఉండదు. మరొకటి, సిర నుంచి తీసిన రక్తంలోని కణాలు ట్యూబులో కూడా గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మామూలు ట్యూబులో పోసి రెండు గంటలు పక్కన పెడితే 148 కాస్తా 130 దగ్గరకు దిగొచ్చు. దీన్ని ఆపడానికే షుగర్ పరీక్షకు ఫ్లోరైడ్ కలిపిన బూడిద రంగు మూత ట్యూబు వాడతారు. సాంపిల్ తీసేటప్పుడు మూత రంగు చూడండి, అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వేలి మీద ద్రాక్ష రసం

ద్రాక్ష రసంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. రక్తంలో ఉండాల్సిన దానికి ఇది దాదాపు 70 రెట్లు. ఆ లెక్కన మీ రక్తపు చుక్కలో నూరో వంతు ద్రాక్ష రసం కలిసినా మీటరు 70 ఎక్కువ చూపిస్తుంది. 110 ఉన్న మనిషికి 180 వస్తుంది!

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. పండ్లు ఒలిచాక చేయి కడగకుండా పరీక్షిస్తే రీడింగు విపరీతంగా పెరిగిందని, స్పిరిట్ దూదితో తుడిచినా సరిపోలేదని, నీళ్లతో కడిగాకే సరైన అంకె వచ్చిందని జపాన్ వైద్యులు 2011లో ప్రచురించారు. మన క్యాంపుల్లో స్పిరిట్ దూది తప్పనిసరిగా కనిపిస్తుంది, సబ్బూ నీళ్లూ మాత్రం కనిపించవు. నా దృష్టిలో రావలసిన మార్పుల్లో ఇది మొదటిది, ఖర్చు కూడా లేనిది. మీరైతే ఇంటి దగ్గరే చేయి కడుక్కుని, పొడిగా తుడుచుకుని వెళ్లండి. తడి వేలు కూడా మంచిది కాదు. నీళ్లు, స్పిరిట్ కలిస్తే రక్తం పలుచబడి అంకె తగ్గుతుంది. చుక్క రావడం లేదని వేలిని గట్టిగా పిండినా అంతే, కణజాలంలోని నీరు కలుస్తుంది. చేయి కాసేపు కిందికి వేలాడదీస్తే చుక్క అదే వస్తుంది.

రక్తం తక్కువగా ఉన్నవారికి

మన రెండు రాష్ట్రాల్లో ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం.

ఎర్ర కణాలు తక్కువైతే గ్లూకోజు కార్బన్ గీత దగ్గరకు వేగంగా చేరుతుంది. వేగంగా చేరితే ఆ క్షణంలో కరెంటు ఎక్కువ. మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడిన వారిలో దీనికి తిరగబడి తక్కువ చూపిస్తుంది. కొత్త మీటర్లు కొన్ని రక్తం చిక్కదనాన్ని కూడా కొలిచి సరిచేసుకుంటాయి. మీ స్ట్రిప్ పని చేసే పరిధి డబ్బాలోని కాగితం మీద ‘హెమటోక్రిట్’ అన్న మాట పక్కన శాతంలో ఉంటుంది. మీ హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే మీ హెమటోక్రిట్ ఇంచుమించుగా తెలుస్తుంది. హిమోగ్లోబిన్ 8 అయితే 24. కాగితం మీద 30 నుంచి మొదలని ఉంటే ఆ స్ట్రిప్ మీకు నమ్మదగింది కాదు.

ఇది ఎక్కువగా పట్టేది గర్భిణులకే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, రెండు గంటల తర్వాత చూస్తారు. 140, ఆపైన ఉంటే గర్భధారణ మధుమేహంగా లెక్క. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి చేయాలి. ఊళ్లలో ఈ పరీక్ష మీటరుతోనే చేస్తారు, మార్గదర్శకాలు అందుకు అనుమతిస్తున్నాయి కూడా. హిమోగ్లోబిన్ 7, 8 ఉన్న గర్భిణికి 142 వస్తే, ల్యాబులో సిర రక్తంతో మరోసారి చూడమని అడగడం సబబే. అలాగని ల్యాబు దొరకలేదన్న వంకతో ఆ అంకెను పక్కన పెట్టేయకూడదు.

మందుల మాట కూడా చెప్పాలి. ఎలక్ట్రాన్ గ్లూకోజు నుంచి వచ్చిందా, మరోదాని నుంచి వచ్చిందా అన్నది కార్బన్ గీతకు తెలియదు. విటమిన్ సి, పారాసిటమాల్ కూడా ఎలక్ట్రాన్లు ఇవ్వగలవు. మాత్రల మోతాదులో ఇబ్బంది తక్కువే. సెలైన్‌లో ఎక్కువ మోతాదు విటమిన్ సి ఎక్కించుకునేవారు మాత్రం మీటరును నమ్మకూడదు. పొట్ట ద్వారా డయాలసిస్ చేయించుకునేవారికి హెచ్చరిక ఇంకా గట్టిది. ఒక రకం ఎంజైము వాడిన స్ట్రిప్పులు డయాలసిస్ ద్రవం నుంచి వచ్చే మాల్టోజును గ్లూకోజుగా లెక్కేసి, లేని షుగరును చూపించాయి. ఇలాంటి స్ట్రిప్పులతో ముడిపడిన 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని 2009లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డబ్బా మీద ‘జీడీహెచ్-పీక్యూక్యూ’ అని ఉంటే అలాంటివారు వాడకూడదు.

ఎండ, తేమ

గీత మీద ఎంజైము ఆరిన స్థితిలో ఉంటుంది. తేమ తగిలితే చెడిపోతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత లోపల తేమను పీల్చే పదార్థం ఉండేది అందుకే. స్ట్రిప్ తీసి మూత వెంటనే బిగించాలి. పది స్ట్రిప్పులు కాగితంలో చుట్టి పక్కింటివారికి ఇవ్వడం సాయం కాదు. చాలా స్ట్రిప్పులను 30 డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో స్కూటర్ డిక్కీలో ఆ డబ్బా ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టినా తేమ పడుతుంది. ఇంట్లో చల్లటి అలమర చాలు.

స్ట్రిప్ బాగుందో లేదో తెలుసుకోవడానికి కంట్రోల్ సొల్యూషన్ అని చిన్న సీసా ఉంటుంది. ఎంత గ్లూకోజు ఉందో ముందే తెలిసిన ద్రవం అది. రక్తం బదులు దాన్ని వేస్తే డబ్బా మీద రాసిన పరిధిలో అంకె రావాలి. కొత్త డబ్బా తెరిచినప్పుడు, మీటరు కింద పడ్డప్పుడు చూసుకోవాలి. మందుల షాపులో అడిగితే చాలాసార్లు ‘అదేంటి?’ అంటారు. ముందుగా చెప్పి తెప్పించుకోండి.

మరి ఆ 148తో ఏం చేయాలి?

చీటీ ఇచ్చారంటే పీహెచ్‌సీకి వెళ్లండి. జబ్బు ఉందో లేదో తేల్చేది ల్యాబు పరీక్ష. పరగడుపున సిర రక్తంలో 126 లేదా ఆపైన, లేదంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన వస్తే మధుమేహం. లక్షణాలేమీ లేకపోతే రెండోసారి కూడా చూసి నిర్ధారిస్తారు. ఐరన్ లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ కూడా కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, రక్తహీనత ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. తెలంగాణలో పీహెచ్‌సీలో తీసిన సాంపిల్‌ను తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్షిస్తారు.

మీటరు వల్ల ఉపయోగం లేదని దీనర్థం కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇంత మందిలో తెలియనివారిని వెతకాలంటే ఊరూరా తిరిగే మీటరే దారి. ఇప్పటికే మందులు వాడుతున్నవారికి అదే మీటరు, అదే కంపెనీ స్ట్రిప్పులతో నెలల తరబడి రాసుకున్న అంకెలు బాగా పనికొస్తాయి. ఒక్క రీడింగులో తేడా ఉన్నా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది వరుసలో తెలిసిపోతుంది. మీటరు మార్చితే ఆ వరుస తెగిపోతుంది.

క్లినిక్‌లో అంకె చెప్పగానే లేచి రాకండి. చీటీ మీద అంకె పక్కనే తేదీ, టైము, చివరిసారి ఎప్పుడు తిన్నారు అన్నది రాయించుకోండి. ఈ మధ్య హిమోగ్లోబిన్ చూసి ఉంటే అదీ రాయమనండి. పీహెచ్‌సీలో డాక్టరు మొదట అడిగేవి ఇవే.